ఆ చుక్క దశాంశం కాదు

ప్రశ్న: తిరుపతి భవానీనగర్‌లో మాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. 24.04 కంటే పెద్ద నెంబరు కదా అని మా పిల్లవాడు కంప్యూటర్‌లో ఉబుంటు ఆపరేటింగ్ సిస్టం 24.10 ఎక్కించాడు. ఇప్పుడు ఏది ఇన్‌స్టాల్ చేయబోయినా 404 ఎర్రర్ వస్తోంది. డిస్క్ పోయిందంటారా?

జవాబు: డిస్క్‌కేమీ కాలేదండీ. నెంబరు చదవడంలోనే పొరపాటు. చుక్కకు ముందున్నది సంవత్సరం, తర్వాతది నెల. 24.10 అంటే 2024 అక్టోబరు. 2006 ఏప్రిల్‌లో రావలసిన ఉబుంటు రెండు నెలలు ఆలస్యమైతే పేరే 6.06 అయింది. ఎప్పుడు వచ్చిందో నెంబరు చెబుతుంది. ఎన్నాళ్లు నడుస్తుందో నెలను, సంవత్సరాన్ని బట్టి మనమే పోల్చుకోవాలి.

సరి సంవత్సరం ఏప్రిల్‌లో వచ్చే 22.04, 24.04 లాంటివి ఎల్‌టీఎస్‌లు, అంటే ‘లాంగ్ టర్మ్ సపోర్ట్’ ఉన్నవి. వీటికి ఐదేళ్లు అప్‌డేట్లు వస్తాయి. మధ్యలో వచ్చేవాటికి తొమ్మిది నెలలే. 24.10 గడువు 2025 జూలైతో తీరిపోయింది. గడువు తీరినవాటి ప్యాకేజీలను, అంటే ఇన్‌స్టాల్ చేసుకునే సాఫ్ట్‌వేర్ ఫైళ్లను, మామూలు సర్వర్లలోంచి తీసి పాత రిలీజుల సర్వర్‌లో పెడతారు. మీ సిస్టం ఇంకా మునుపటి చిరునామాలోనే వెతుకుతోంది, అందుకే 404, అంటే ‘అడిగింది ఇక్కడ లేదు’ అని.

24.10 నుంచి 24.04కు దిగే దారి లేదు. హోమ్ ఫోల్డర్ మొత్తం బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, 24.04 కొత్తగా ఎక్కించుకోండి. కాపీ చేసేముందు కంట్రోల్, హెచ్ కలిపి నొక్కండి, దాచిన ఫోల్డర్లు కనబడతాయి. మీరు విడిగా వేసుకున్న తెలుగు ఫాంట్లు చాలావరకు వాటిలోనే ఉంటాయి. డీటీపీ వాళ్లు తరచూ పోగొట్టుకునేవి ఇవే. 24.04.2 లాంటి పేరు కనబడితే కంగారొద్దు: అదే 24.04, అప్పటిదాకా వచ్చిన దిద్దుబాట్లు కలిపినది. చివరి అంకె పెద్దదున్నదే తెచ్చుకోండి. తర్వాత ‘సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్’లో కొత్త వెర్షన్ కబురు లాంగ్ టర్మ్ సపోర్ట్ వాటికి మాత్రమే వచ్చేలా పెట్టండి. పిల్లవాడు మళ్లీ తొందరపడకుండా ఉంటాడు!

ప్రశ్న: లినక్స్ కెర్నల్ 6.9 నుంచి 6.10కి మారమంటోంది. వెనక్కి పోతున్నట్టా? (చిత్తూరు)

జవాబు: ముందుకే. కెర్నల్ అంటే ఉబుంటు లాంటి లినక్స్ సిస్టంలకు లోపలి గుండెకాయ; దాని నెంబర్లలోనూ చుక్క దశాంశం కాదు. మీ వీధిలో డోర్ నెంబరు 6-9 తర్వాత 6-10 వచ్చినట్టే. 6.1 వేరే ఇల్లు, అది 2022 డిసెంబరుది; 6.10 వచ్చింది 2024 జూలైలో. ముందున్న 6కూ పెద్ద అర్థమేమీ లేదు. వెనక అంకె మరీ పెరిగితే లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ముందు అంకెను ఒకటి పెంచుతారు, అంతే.