ఆ నోటుపుస్తకంలోని ‘నువ్వు’ ఎవరు?

నలభై నాలుగేళ్ల వయసులో సినిమాల గురించీ, సీరియళ్ల గురించీ, ఇంట్లో ఆ పూట జరిగిన చిన్నచిన్న సంగతుల గురించీ రోజూ రాత్రి నోటుపుస్తకంలో రాసుకోవడం పిల్లతనమా అని మీరు అడిగారు. మీ వారు దాన్ని పనిలేని పని అంటున్నారనీ, కాలేజీలో చదివే అమ్మాయి నవ్వుతోందనీ, మానేద్దామా అని ఆలోచిస్తున్నాననీ రాశారు. నమూనాగా ఆరు పేజీలు కూడా జతచేశారు.

మానవద్దు. ఆ ప్రశ్నకు ఇంతకంటే పెద్ద జవాబు అక్కర్లేదు. పగలంతా ఇంటిల్లిపాది పనులు చూసిన మనిషి రాత్రి ఒక అరగంట తనకోసం ఉంచుకుంటే, అందుకు ఎవరి అనుమతీ అడగనక్కర్లేదని నేను గట్టిగా నమ్ముతాను. మీ వారి మాటలో నాకు విసుగు కనిపించిందే తప్ప చులకన కనిపించలేదు. అమ్మాయి నవ్వు ఆ వయసుది.

నేను పదే పదే చదివింది ఆ ఆరు పేజీలు. ఒకచోట, సీరియల్ చివరి భాగం చూస్తూ ఇస్త్రీపెట్టె పక్కకు తీయడం మరిచిపోయి దిండు గలేబు కాల్చుకున్న సంగతి రాశారు. దాని కిందే, “నువ్వుంటే నాకన్నా ముందు వాసన పట్టేదానివి” అని ఉంది. ఇంకోచోట, కథానాయిక ఇంటికి వచ్చి దీపం ఆర్పేసి చీకట్లో ఏడ్చిన సన్నివేశం గురించి చెబుతూ, “నువ్వయితే ముందు గడియ వేసుకునేదానివి, దీపం సంగతి నీకు గుర్తుండేదే కాదు” అన్నారు. లెక్కపెట్టాను, పదకొండు చోట్ల ఈ “నువ్వు” ఉంది. తమతో తాము మాట్లాడుకునేవారు ఇలా రాయరమ్మా. గడియ వేసుకుని ఏడ్చే అలవాటున్న ఒక మనిషి మీ కళ్లముందు ఉంటేనే ఆ వాక్యం వస్తుంది.

ఆ మనిషి మీ అక్కగారు. ఉత్తరం మధ్యలో “చిన్నప్పుడు అక్కా నేనూ కలిసి చూసేవాళ్లం, ఇప్పుడు మాటల్లేవు” అని ఒక్క ముక్క రాసి, వెంటనే మళ్లీ మీ వారి విసుగు దగ్గరికి వెళ్లిపోయారు. మంచాన పడిన అమ్మగారిని రెండేళ్లు అక్కగారే కనిపెట్టుకుని ఉన్నారనీ, చివరి రోజుల్లో మీరు వెళ్లినప్పుడు “నువ్వు చూసిపోవడానికి వస్తావు, చెయ్యడానికి రావు” అన్నారనీ, అది జరిగి నాలుగేళ్లయిందనీ సంతకం కింద కొసరుగా చేర్చారు. అసలు ఉత్తరం ఆ కొసరే.

1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు, తెరమీది మనుషులతో ప్రేక్షకులు పెంచుకునే ఏకపక్ష సాన్నిహిత్యం గురించి రాశారు. ఆ సాన్నిహిత్యంలో ప్రేక్షకుడికి పెద్దగా బాధ్యత ఉండదనీ, ఎప్పుడు కావాలంటే అప్పుడు తప్పుకోవచ్చుననీ వారు గమనించారు. మీకు తెలియకుండానే మీరు అక్కగారిని కూడా ఆ వరుసలో కూర్చోబెట్టారు. నోటుపుస్తకంలోని అక్క నవ్వుతుంది, వాసన పట్టేస్తుంది, అమ్మ సంగతి మాత్రం ఎత్తదు. 1942లో ఆన్ ఫ్రాంక్ అనే యూదు బాలిక తన డైరీని కిట్టీ అనే ఊహా స్నేహితురాలికి ఉత్తరాలుగా రాసుకుంది, మనసు విప్పి చెప్పుకునే నిజమైన స్నేహితురాలు తనకు లేదు కనుక. మీ కిట్టీ బతికే ఉంది, ఆవిడ నంబరు మీ ఫోనులోనే ఉంది.

“పెద్దది కాబట్టి ఆవిడే ముందు మాట్లాడాలి, నాకూ ఆత్మాభిమానం ఉంటుంది కదా” అన్నారు. ఈ విషయంలో నేను మీ పక్షాన నిలబడలేను. “చెయ్యడానికి రావు” అన్న ఆ మాట అన్నది, రెండేళ్లపాటు అర్ధరాత్రి పిలుపుకు లేచి, పక్క మార్చి, మళ్లీ నిద్రపట్టక తెల్లవార్లూ కూర్చున్న మనిషి. అలసట తలకెక్కినవాళ్లు మాటను తూచి అనలేరు. చేసినవారు పెద్దయినా చిన్నయినా, చేయలేకపోయినవారే ముందు మాట కలపాలన్నది నా అభిప్రాయం, దీన్ని మార్చుకోవలసిన అవసరం నాకు ఇన్నేళ్లలో రాలేదు. మీరు ఆత్మాభిమానం అంటున్నదానిలో, ఆ మాట నిజమేమోనన్న భయం సగానికి పైగా ఉంది.

అందుచేత ఒక నాలుగు రాత్రులు సినిమాలను పక్కన పెట్టండి. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ అనే మనస్తత్వ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున, తమను బాగా కుదిపేసిన సంఘటన గురించి రాశారు. రాసిన వెంటనే వారి మనసు మరింత బరువెక్కింది. అయినా, జరిగినదానితోపాటు తమకు ఏమనిపించిందో కూడా రాసినవారు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. మీరు కూడా అమ్మగారి గదిలో ఆ రోజు ఏం జరిగిందో, మీకేమనిపించిందో రాయండి. ఆ పేజీల్లో “నువ్వు” అనే మాట వద్దు, “నేను” అనే రాయండి. ఎందుకు ఎక్కువ రోజులు ఉండలేకపోయారో, ఉండగలిగీ ఉండని రోజులు ఎన్నో, ఎవరూ చూడరు కనుక ఉన్నదున్నట్టు రాయండి.

అయిదో రోజు ఫోన్ చేయండి. పలకరింపుగా “ఫలానాది చూశావా అక్కా” అని మాత్రం మొదలుపెట్టకండి, నాలుగేళ్లుగా మీరు దాక్కున్నది ఆ చాటునే. “అమ్మను ఆ రెండేళ్లూ నువ్వొక్కదానివే చూసుకున్నావు, ఆ మాట నీతో ఇంతవరకూ అనలేదు” అనండి. ఆవిడ కోప్పడితే విని ఊరుకోండి, ఏడిస్తే ఫోను పెట్టేయకండి. సినిమా కబుర్లు రెండో ఫోనుకు ఉంచుకోండి.