అమ్మలూ, ఆ మూడు మెమోలు కాస్త ఆపు

అమ్మలూ,

నీకు ఆర్టీసీ డిపో మేనేజర్‌గా పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. పెద్దమ్మ వీధంతా చెప్పొచ్చింది, నేను పైకి సరే సరే అన్నాను గానీ ఆ రోజు ఇంకో కప్పు కాఫీ అడిగి మరీ తాగాన్లే. తర్వాత చెప్పాడు అసలు సంగతి, చేరిన వారంలోనే మాట వినని ముగ్గురికి మెమోలిచ్చి దారిలో పెడతావట. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు.

మామూలు సంగతులు నీకు తెలుసు, పక్కకి పిలిచి మాట్లాడు, తేదీ, సర్వీసు నంబరు దగ్గర పెట్టుకో. "నీ బిహేవియర్ బాలేదు" అంటే ఎవడికి ఏం అర్థమవుద్ది, "సోమవారం ఏడున్నర ట్రిప్పులో ఆ పెద్దావిడతో ఏం జరిగింది" అని అడిగితే చెప్తాడు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి, అదే ఆడవాళ్ళకి ఉచిత బస్సు, మొదలైన దగ్గర్నుంచి పల్లెవెలుగులో కాలు పెట్టే చోటుండట్లేదు, ఆ రద్దీలో ప్రతి ఆడమనిషికీ సున్నా టికెట్టు కొడుతూ నిలబడ్డ కండక్టర్ విసుక్కున్నాడంటే ముందు ఆ ట్రిప్పు నువ్వొకసారి ఎక్కి చూడు.

ఇప్పుడు నా తప్పు విను. నేను మేనేజర్‌గా చేసిన రెండో డిపోలో ఒక డ్రైవర్, పేరెందుకులే. నోరు పెద్దది, గ్యారేజీ వాళ్ళతో రోజూ గొడవ, యూనియన్ మాటలు. మూడు నెలలుగా కేఎంపీఎల్, అంటే లీటరు డీజిల్‌కి బండి నడిచే కిలోమీటర్లు, అందరికంటే తక్కువ. ఒకరోజు పొద్దున్నే గేట్ మీటింగ్‌లో నలభై మంది ముందు నిలబెట్టి "అందరికీ అయిదు పైన వస్తుంటే నీకే ఎందుకయ్యా రాదు, డీజిల్ తాగుతున్నావా" అన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన తల దించుకుని బండి తీసుకెళ్ళిపోయాడు. ఆ తర్వాత గొడవ లేదు, కంప్లయింట్ లేదు, చూశారా ఎలా దారికొచ్చాడో అని మీ పెద్దమ్మ దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నా.

నెల తిరక్కుండా రాత్రి పదిన్నరకి ఫోన్. ఆ బండి వెనక చక్రం దగ్గర పొగలు, జనాన్ని దించేశారు, దేవుడి దయవల్ల ఎవరికీ ఏం కాలేదు. తెల్లారి లాగ్‌షీట్లు, అదే డ్రైవర్లు బండి లోపాలు రాసిచ్చే కాగితాలు, తీయించాను. గేట్ మీటింగ్‌కి ముందు పదకొండు సార్లు రాశాడమ్మా, "ఎడమ వెనక బ్రేకు పట్టేస్తోంది" అని. బ్రేకు పట్టేసిన బండి డీజిల్ తాగక ఏం చేస్తుంది. ఆ రోజు తర్వాత అన్నీ ఖాళీ. ఎందుకు రాయలేదయ్యా అంటే "మీరు చూస్తారనుకున్నన్నాళ్ళు రాశాను సార్" అన్నాడు.

క్షమించమన్నాను. కానీ తిట్టింది నలభై మంది ముందు, క్షమించమన్నది రూములో తలుపేసుకుని, చూడు నా బుద్ధి. ఇంకో మూడేళ్ళు కలిసి పనిచేశాం, ఏదైనా ఉంటే మెకానిక్‌కి నోటితో చెప్పేవాడట, నా దాకా వచ్చే కాగితం మీద మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

అందుకే చెప్తున్నా, పెద్ద మేనేజర్‌వి అయిపోయావు గానీ మొండితనంలో మా ఇంటిదానివే. ముందు ఆ ముగ్గురి కాగితాలు తెప్పించుకో, లాగ్‌షీట్లు, డ్యూటీ చార్టులు, లీవు అడిగితే ఎన్నిసార్లు కాదన్నారో అవి కూడా. మెమోలు సొరుగులో ఉండనీ, పాడైపోవు.

పెద్దమ్మ కందిపొడి పంపిస్తోంది. ఖాళీ కడుపుతో డిపోకి పోకు. మొదటి గేట్ మీటింగ్ రోజు నేనూ నాలుగున్నరకే లేచి కూర్చుంటా, అయిపోగానే ఫోన్ చెయ్.

మీ పెద్దనాన్న