ముందు ఎడమచెయ్యి విను

చిరంజీవి చిన్నారికి,

పెద్దమ్మ ఆశీస్సులు. పోలండ్ స్వరకర్త షోపాన్ పియానో కోసం రాసిన నాక్టర్న్‌లు వరసపెట్టి విన్నానని, వినడానికి హాయిగానే ఉన్నాయి గానీ అన్నీ ఒకేలా అనిపించాయని, వాటిలో అంత గొప్పేమిటో అందలేదని రాశావు. చిన్నప్పటినుంచీ గాత్రం నేర్చుకున్న చెవి నీది. ఆ చెవికి అలా అనిపించడంలో వింతేమీ లేదు. సికింద్రాబాద్‌లో పిల్లలకి పియానో చెప్పినన్నాళ్ళూ నేను గమనించిన సంగతి ఒకటుంది. మన సంగీతం వచ్చిన పిల్లలు ముందుగా పట్టుకునేది పైన వినిపించే పాటని. దానిలో గమకం కోసం వెతుకుతారు, దొరకదు. కింద ఎడమచెయ్యి వాయించేది వాళ్ళ చెవిలో తంబురాలా వెనక్కి వెళ్ళిపోతుంది. శ్రుతిని విననట్టుగా వినడం మనకి అలవాటు కదా. నాక్టర్న్‌లో మాత్రం సగం విషయం ఆ కిందే ఉంది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఆ జాబితాలు కట్టెయ్. నిద్ర కోసం, చదువు కోసం, వాన కోసం అంటూ ఎవరో కూర్చిన వాటిలో నాక్టర్న్‌లు ఒకదాని వెనక ఒకటి పోతుంటే ఎవరికైనా ఒకేలా ఉంటాయి. ఒక్కటి తీసుకో. ఓపస్ 9లో, అంటే ఆ సంఖ్యతో అచ్చయిన రచనల్లో, రెండోది. ఇ-ఫ్లాట్ మేజర్‌లో ఉన్నది. నాలుగున్నర నిమిషాలు. షోపాన్ ఇరవై, ఇరవై రెండేళ్ళ వయసులో రాశాడు, 1832లో అచ్చయింది. అందరూ వినేసిందని చిన్నచూపు చూడకు. నేర్చుకోవడానికి అంత శుభ్రంగా ఉన్నది ఇంకోటి లేదు. ఫోన్ స్పీకర్లో మాత్రం వినొద్దు, మంద్రంలో ఉన్న స్వరాలు ఆ చిన్న స్పీకర్లోంచి సరిగ్గా బయటికి రావు. అవి రాకపోతే నేను చెప్పేదేదీ నీకు వినపడదు. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకో.

తాళం నీకు చిటికెలో అందుతుంది. ఆవర్తానికి నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బలో మూడేసి, అంటే తిస్ర గతి. ఆ మూడింటిలో మొదటిది ఎడమచెయ్యి మంద్రంలో వేసే ఒంటి స్వరం, తర్వాతి రెండూ కాస్త పైన పడే స్వరగుచ్ఛాలు, అంటే ఒకేసారి కలిసి మోగే స్వరాలు. మొదటిసారి విన్నప్పుడు కుడిచేతి పాటని వదిలేసి ఆ మంద్రస్వరాలనే పట్టుకో. వాటినే సన్నగా నోటితో పాడు. అవి కదులుతాయి, చూడు. మనకి షడ్జమం కదలదు, దాని మీద నిలబడి రాగమంతా విస్తరిస్తాం. ఇక్కడ కింది ఆధారమే అడుగడుగుకీ జరుగుతుంది. పైన అదే గాంధారం మోగుతున్నా, కింద ఆధారం మారగానే ఆ గాంధారానికి ఇంకో రంగు వస్తుంది. ఇప్పటిదాకా ఇంట్లో ఉన్నట్టున్న స్వరం హఠాత్తుగా ఎక్కడికో వెళ్ళాలని లాగుతుంది. మనం గమకంతో ఒక స్వరానికి తెచ్చే కదలికలో కొంత, వాళ్ళు కింద నేలని జరిపి తెస్తారు. ఇది చెవికి పట్టిందంటే నువ్వు దాటవలసిన పెద్ద గడప దాటినట్టే. స్వరాలు మాత్రం నీకు కొత్తవేం కావు, మేజర్ అంటే మన శంకరాభరణం మెట్లే. పాట మొదలయ్యేది పంచమం మీంచి పై గాంధారానికి ఒక్క ఎగురు ఎగిరి. ఆ ఎగురు గుర్తుపెట్టుకో, దాని పని ఇంకా ఉంది.

ఇప్పుడు పియానో గురించి నాలుగు మాటలు. మెట్టు నొక్కితే లోపల సుత్తి తీగని కొట్టి వెంటనే వెనక్కి వచ్చేస్తుంది. ఆ క్షణంనుంచీ స్వరం తగ్గిపోతూనే ఉంటుంది. వీణ మీదా మీటిన స్వరం తగ్గేదే, కానీ అక్కడ మీటిన తర్వాత కూడా తీగని లాగే వేలు ఉంది. పియానోలో కొట్టాక ఆ స్వరాన్ని వంచడానికి, పెంచడానికి చేతికి ఏ దారీ లేదు. అలాంటి వాద్యంతో గొంతుని పాడించాలనుకున్నాడు షోపాన్. ఇటాలియన్ ఆపెరా అంటే ఆయనకి ప్రాణం, పియానో బాగా వాయించాలంటే గొప్ప గాయకుల్ని వెళ్ళి వినమని శిష్యులకి చెప్పేవాడు. మరి తగ్గిపోయే స్వరంతో పాడించడం ఎలా?

ఒక ఉపాయం పెడల్. కుడికాలి కింది పెడల్ తొక్కితే తీగల మోతని ఆపడానికి వాటి మీదున్న ఒత్తులన్నీ ఒక్కసారి పైకి లేస్తాయి. ఎడమచెయ్యి మంద్రస్వరాన్ని వదిలేసి పైకి వెళ్ళిపోయినా అది మోగుతూనే ఉంటుంది, కొట్టని తీగలు కూడా దానితో కలిసి సన్నగా కంపిస్తాయి. ఆ గాలిలో పైపాట తేలుతుంది. ఎడమచెయ్యిని అంత వెడల్పుగా పరిచి, పెడల్‌తో నిలబెట్టి, పైన పాట పాడించే ఈ పద్ధతిని నాక్టర్న్ అన్న పేరుతో ముందు తెచ్చినవాడు షోపాన్ కాదు, జాన్ ఫీల్డ్. డబ్లిన్‌లో పుట్టి, పియానో విద్వాంసుడు క్లెమెంటీకి శిష్యుడై, ఆయన వెంట రష్యా వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. 1812లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫీల్డ్ మొదటి నాక్టర్న్‌లు అచ్చయ్యాయి. మొదటిది ఇ-ఫ్లాట్ మేజరే. ఒకసారి విను, మర్యాదగా, అందంగా ఉంటుంది. తర్వాత షోపాన్‌ది వింటే అదే గదిలోకి వేరే మనిషి వచ్చి కూర్చున్నట్టు తెలుస్తుంది.

రెండో ఉపాయం వాయించేవాళ్ళ వేళ్ళలో ఉంటుంది. పొడుగు స్వరం ఒకటి కొట్టారనుకో. అది తగ్గి తగ్గి ఎంత మిగిలిందో చెవితో కనిపెట్టి, తర్వాతి స్వరాన్ని సరిగ్గా అంతే మెత్తగా మొదలుపెట్టాలి. అప్పుడు రెండూ ఒక్క ఊపిరిలో పాడినట్టుంటాయి. కాస్త గట్టిగా పడిందా, సుత్తి దెబ్బ బయటపడిపోతుంది. మొదటి ఎగురు తర్వాత వచ్చే ఆ పొడుగు గాంధారం దగ్గర ఇది విను. మంచి వాద్యకారుడెవరో అక్కడే తెలిసిపోతుంది. వేగం చూసి మెచ్చుకోవడం నాక్టర్న్‌కి పనికిరాదు.

తాళం గురించి ఇంకొక్క మాట. కుడిచెయ్యి ఒకచోట ఆలస్యంగా వస్తుంది, ఒకచోట ముందుకు తోసుకుపోతుంది. దీన్ని రుబాటో అంటారు. షోపాన్ తన శిష్యులకి ఎడమచెయ్యే వాద్యబృందాన్ని నడిపించే పెద్ద అని, అది లయ తప్పకూడదని చెప్పేవాడట. తాళం వేసే చెయ్యి ఆగకుండా వేస్తుంటే గాయకుడు మాటని కాస్త వెనకేసి అందుకోవడం నీకు తెలిసిందే. నువ్వు తొడ మీద తాళం వేస్తూ విను. రెండు చేతులూ కలిసి ఊగిపోతుంటే ఆ వాయింపు నాకు నచ్చదు, అక్కడ పాట కన్నా వాయించేవాళ్ళ ఉద్వేగమే ఎక్కువ వినిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ మొదటి పాట ఈ నాక్టర్న్‌లో నాలుగుసార్లు వస్తుంది. మొదట సాదాగా. వెంటనే రెండోసారి చిన్న చిన్న అలంకారాలతో. మధ్యలో ఇంకో చరణం లాంటిది వచ్చి వెళ్ళాక మూడోసారి, మళ్ళీ అది వచ్చి వెళ్ళాక నాలుగోసారి. వచ్చిన ప్రతిసారీ అల్లిక పెరుగుతుంది. కృతిలో సంగతులు, అంటే ఒకే పంక్తికి పెరుగుతూ పోయే అల్లికలు, పాడినదానివి కాబట్టి ఇది నీకు చప్పున అందాలి, కానీ ఒక తేడా ఉంది. సంగతులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇక్కడ మధ్యలో వేరే చోటికి తీసుకెళ్ళి తెస్తాడు, కాబట్టి పాట తిరిగి వచ్చేసరికి మనం ఇందాకటి మనుషులం కాము. ఒక కాగితం తీసుకుని నాలుగు గీతలు గియ్యి. పంచమం నుంచి గాంధారానికి ఆ ఎగురు వచ్చిన ప్రతిసారీ ఏం మారిందో ఒక్క మాట రాసుకో. కంపించిందా, పైనుంచి జారుతూ దిగిందా, ముందుకన్నా ధైర్యంగా ఉందా. కింద ఎడమచెయ్యి దాదాపు ఇందాకటి అడుగులే వేస్తుంటుంది. చివర్లో గొంతు పెద్దదవుతుంది, ఎడమచెయ్యి నిలిచిపోతుంది, తాళం లేకుండా కుడిచెయ్యి ఒక్కటే పైన తిరుగుతుంది. అన్ని అల్లికలూ ఎక్కడికి తీసుకొస్తున్నాయో అక్కడ అర్థమవుతుంది. చివరి మెట్లు మళ్ళీ మెత్తగా.

ఈ అలంకారాలు రాసింది రాసినట్టే ఉండాలని షోపాన్ పట్టు పట్టలేదు. శిష్యుల పుస్తకాల్లో ఇదే నాక్టర్న్‌కి వేరే అల్లికలు పెన్సిల్‌తో రాసిచ్చాడు. ఆయన శిష్యుడు మికులి దగ్గర చిన్నతనంలో నేర్చుకున్న కొచాల్‌స్కీ 1938లో ఆ వేరే అల్లికలతో ఇది రికార్డు చేశాడు. మామూలు రూపం నోటికొచ్చేశాక అది విను, కొత్త సంగతి విన్నప్పుడు నీకు కలిగే సంతోషమే కలుగుతుంది. మామూలు రూపానికి రూబిన్‌స్టైన్ 1960ల్లో చేసిన రికార్డు, మరియా జువావ్ పీరిష్ 1990ల్లో చేసినది, ఈ రెండూ చాలు. రూబిన్‌స్టైన్ హుందాగా, తిన్నగా చెబుతాడు. పీరిష్ ప్రతి మాటనీ ఆగి చూస్తుంది. నాకు పీరిష్ ఇష్టం, కానీ ముందు రూబిన్‌స్టైన్‌ది వింటే గీత స్పష్టంగా కనిపిస్తుంది.

ఇది బాగా పట్టుబడ్డాకే ఓపస్ 48లో మొదటిదానికి వెళ్ళు. సి మైనర్‌లో ఉంది, 1841లో రాసింది, ఆరు నిమిషాలు. షోపాన్ నాక్టర్న్‌లు మొత్తం 21, వాటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. అడుగులో అడుగు వేస్తున్నట్టు కింద బరువైన స్వరాలు, పైన తెగి తెగి వచ్చే పాట, మాట మధ్యలో ఊపిరి తీసుకుంటున్నట్టు. తర్వాత సి మేజర్‌లో ప్రార్థన లాంటి భాగం, స్వరగుచ్ఛాలని కింది నుంచి పైకి విరజిమ్ముతూ, మొదట చాలా నెమ్మదిగా. ఆ ప్రార్థన ప్రశాంతంగా ముగుస్తుందనుకుంటావు. దాని సందుల్లోంచి రెండు చేతులా జంట స్థాయిల్లో పరుగులు పుట్టుకొస్తాయి, పెరుగుతాయి, ప్రార్థననే ముంచేస్తాయి. అప్పుడు మొదటి పాట తిరిగి వస్తుంది. ఇక్కడే జాగ్రత్తగా విను. ఓపస్ 9లో పాట మారింది, కింది నడక మారలేదు. ఇక్కడ పాట దాదాపు అదే, కింద అంతా మారిపోయింది. ఇందాకటి అడుగుల బదులు ఆగకుండా కొట్టుకునే స్వరగుచ్ఛాలు, కాలం రెట్టింపు. అదే మాటని మొదట దిగమింగుకుంటూ చెప్పిన మనిషి ఇప్పుడు ఆపుకోలేక చెబుతున్నాడు. కుడిచేతిని మాత్రమే వినేవాళ్ళకి పాట మళ్ళీ వచ్చింది అంతే. ఎడమచేతిని ముందు వినమని నిన్ను ఇంతసేపు విసిగించింది ఈ ఒక్క చోటు కోసమే.

ఈ నాక్టర్న్ ఎవరి గురించి, ఏ దుఃఖం గురించి అని అడగాలనిపిస్తుంది. తొందరపడి జవాబు వెతుక్కోకు. షోపాన్ తన రచనలకి కథలు తగిలించలేదు. లండన్‌లో ఆయన ప్రచురణకర్త వెసెల్ ఓపస్ 9కి సెయిన్ నది గుసగుసలు అన్నట్టుగా ఒక పేరు పెట్టి అమ్మాడు. ఇలాంటి పేర్లు చూసి షోపాన్‌కి ఒళ్ళు మండి స్నేహితుడికి ఘాటుగా ఉత్తరం రాశాడు. వెన్నెల, విరహం, క్షయ అని ముందే అనుకుని వింటే అవే వినిపిస్తాయి, స్వరాలు వినిపించవు. కొన్నిటికి మాత్రం చరిత్ర వచ్చి అతుక్కుంటుంది. 1830లో అక్క లుద్విక కోసం రాసిన సి-షార్ప్ మైనర్ నాక్టర్న్ ఆయన పోయిన పాతికేళ్ళకి గానీ అచ్చుకాలేదు. 1939 సెప్టెంబర్ 23న వార్సా మీద జర్మన్ ఫిరంగి గుండ్లు పడుతుండగా పోలిష్ రేడియోలో పియానో వాద్యకారుడు ష్పిల్మన్ షోపాన్ రచనలు వాయించాడు, ఈ నాక్టర్న్ పేరు ఆ రోజుతో ముడిపడిపోయింది. ఆ సంగతి తెలిసినవాళ్ళెవరూ దీన్ని మామూలుగా వినలేరు, వినాలని నేనూ అనను. అయినా ముందు స్వరాలతో పరిచయం చేసుకుని తర్వాత ఆ చరిత్ర దగ్గరికి వెళ్ళు.

స్వరలిపి చదవడం రాకపోయినా ఒకసారి ముందు పెట్టుకుని విను. షోపాన్‌వి కాపీరైట్ గడువు ఎప్పుడో తీరినవి, ఉచితంగా దొరుకుతాయి. నల్లచుక్కలు ఎక్కడ గుంపుగా ఉన్నాయో అక్కడ అల్లిక ఉంది, కంటికి కనిపిస్తుంది. హాల్లో ఎవరైనా వాయిస్తుంటే వాళ్ళ ముఖం చూడకు, కుడికాలు చూడు. కింది ఆధారం మారిన ప్రతిచోటా పెడల్ లేచి మళ్ళీ పడుతుంది. అది నీకు ఆధారం మార్పుల్ని నేర్పే మంచి గురువు.

ఈ రెండూ అయ్యాక ఓపస్ 27లో రెండోది, డి-ఫ్లాట్ మేజర్. దానిలో కుడిచేతి పాట ఒకచోట ఒక గొంతు కాస్తా రెండు గొంతులవుతుంది. ఎక్కడ అవుతుందో కనిపెట్టి నాకు రాయి. ఫ్రెంచి స్వరకర్త ఫోరే రాసిన 13 నాక్టర్న్‌ల జోలికి ఇప్పుడే వెళ్ళకు. అవి నాకు ఎంతో ఇష్టమే గానీ వాటిలో కింది ఆధారం ఇంకా గుట్టుగా కదులుతుంది. సి మైనర్‌ది నీకు కంఠతా వచ్చాక వాటి గురించి వేరే ఉత్తరం రాస్తాను.

ఇట్లు,
పెద్దమ్మ