లక్షన్నర ల్యాప్‌టాప్ కొనేముందు ఆషాఢం లెక్క చూసుకోండి

ప్రశ్న: నా వయసు 26. విశాఖ గాజువాకలో ఉంటాం. ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో డిజైనర్‌ని, జీతం 18 వేలు. సాయంత్రాలు ఇంటి దగ్గర శుభలేఖలు, ఫ్లెక్సీలు, షాపులకు ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు చేస్తాను. ముహూర్తాల నెలల్లో వీటి మీద 20 వేల దాకా వస్తుంది. ఆషాఢమో మూఢమో వస్తే 4 వేలు రావడమే కష్టం. ఇంట్లో నెలకు 14 వేలు ఇస్తాను. బ్యాంకులో లక్ష రూపాయలున్నాయి. పాత ల్యాప్‌టాప్ పెద్ద ఫైలు తెరిస్తే చాలు, ఆగిపోతోంది. ఫ్రెండ్స్ మ్యాక్‌బుక్ తీసుకోమంటున్నారు, షాపులో గేమింగ్ ల్యాప్‌టాప్ చూపించారు. ఏదైనా లక్షన్నర అంటున్నారు. అన్నయ్య క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందట. అమ్మేమో తన గాజులు తాకట్టు పెడదామంటోంది. ట్యాక్స్‌లో కూడా కలిసొస్తుందని చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ల్యాప్‌టాప్ కొనండి. అది మీకు అన్నం పెట్టే పనిముట్టు, దాని మీద పెట్టే ఖర్చు దుబారా కాదు. అయితే లక్షన్నరది వద్దు. 80 వేలు దాటకుండా చూసుకోండి. అందులో 50 వేలు మీరు దాచుకున్న లక్షలోంచి, 30 వేలు అప్పుగా. అమ్మ గాజులు అమ్మ చేతికే ఉండనివ్వండి.

ఎందుకో మీరు చెప్పిన అంకెలతోనే చూద్దాం. ఆషాఢంలో మీ చేతికొచ్చేది 18 వేలు, 4 వేలు కలిపి 22 వేలు. ఇంటికి 14 వేలు పోతే మిగిలేది 8 వేలు. బస్సు చార్జీలు, ఫోన్ రీచార్జ్ పోతే ఆరు వేలు. లక్షన్నరకు 12 నెలల వాయిదా నెలకు 12,500. ఆ నెల మిగతా సొమ్ము ఎక్కడి నుంచి తెస్తారు? మాఘ ఫాల్గుణాల్లో వచ్చే రాబడిని చూసి వాయిదా నిర్ణయించుకుంటే, మూఢం రాగానే అప్పు కట్టడానికి మరో అప్పు చేయాలి. మీలాంటి పనివాళ్లు వాయిదా ఎంత పెట్టుకోవాలో ఎప్పుడూ అతి తక్కువ వచ్చే నెలను బట్టే తేల్చుకోవాలి. ఇంకో మాట కూడా చెప్పాలి. ఫ్లెక్సీల మీద నిషేధం విధిస్తున్నట్టు 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించింది మన విశాఖలోనే. ఒక్క ప్రకటన వస్తే ఈ పనికి గిరాకీ ఎంత తేలిగ్గా ఊగిపోతుందో మీ ప్రెస్‌లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. అందుకే లక్షలో 42 వేలు, అంటే మీరు ఇంటికిచ్చే మూడు నెలల డబ్బు, ముట్టుకోవద్దు.

నో కాస్ట్ ఈఎంఐ సంగతి. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంక్ 2013 సెప్టెంబర్‌లోనే బ్యాంకులకు చెప్పింది. జరిగేదేమిటంటే, బ్యాంకు తన వడ్డీ తాను వేసుకుంటుంది, అంత మొత్తాన్ని డిస్కౌంట్ పేరుతో ధరలో తగ్గించి చూపిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీ మీదే పడుతుంది. 16 శాతం వడ్డీ అనుకుంటే, నెలకు 12,500 చొప్పున 12 నెలల్లో వడ్డీ భాగం 12,200 పైచిలుకు, దాని మీద జీఎస్టీ 2,200. ప్రాసెసింగ్ ఫీజు వేరే. పైగా మొత్తం ఒకేసారి కడితే షాపువాడు ఎంత తగ్గిస్తాడో అడిగారా? ఆ తగ్గింపు పోవడం కూడా ఖర్చే. ఒక వాయిదా తప్పిందంటే కార్డుల మీద నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతుంది, దెబ్బ తినేది అన్నయ్య క్రెడిట్ స్కోరు. డబ్బు విషయంలో అన్నాచెల్లెళ్ల మధ్య అలాంటిది రాకూడదు.

గాజుల తాకట్టుకు వడ్డీ కార్డు కంటే తక్కువే, కాదనను. కానీ చాలా గోల్డ్ లోన్లలో ఏడాది చివర అసలంతా ఒక్కసారే కట్టాలి. అప్పటికి చేతిలో లేకపోతే వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకుంటారు. అలా ఏళ్లు గడుస్తాయి. ఈలోపు ల్యాప్‌టాప్ పాతదైపోతుంది, గాజులు మాత్రం బ్యాంకులోనే ఉంటాయి. ఇంట్లో ఆసుపత్రి అవసరం వచ్చినప్పుడు ఆదుకోవాల్సిన బంగారం అది.

మరి ఏ ల్యాప్‌టాప్? నేను డిజైనర్‌ని కాను, కానీ మీ డబ్బు వృథా కాకుండా చూడడం నా పని కాబట్టి ఈ మాత్రం చెప్పగలను. శుభలేఖ, ఫ్లెక్సీ, పోస్టరు పనికి 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ (పాతకాలం హార్డ్ డిస్క్ కంటే వేగంగా ఫైళ్లు తెరిచేది), మంచి తెర ఉంటే చాలు. ఫోటోషాప్‌కు అడోబీ సిఫారసు చేసేది కూడా 16 జీబీనే. లక్షన్నర గేమింగ్ మెషీన్ ధరలో పెద్ద భాగం గ్రాఫిక్స్ కార్డుది. త్రీడీ, వీడియో యానిమేషన్ చేసేవాళ్లకు అది కావాలి, మీ పనికి దానితో అంత అవసరం పడదు. ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చులే అని 8 జీబీతో సరిపెట్టుకోకండి. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి, పైగా చాలా మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తోంది.

మ్యాక్ మంచిదే. తెర, బ్యాటరీ, తిరిగి అమ్మితే వచ్చే ధర, అన్నీ బాగుంటాయి. లక్షన్నరే కానక్కర్లేదు కూడా, 2025 మార్చిలో ఎం4 చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్ 99,900కు వచ్చింది. కానీ మీ తెలుగు పనంతా ప్రెస్‌లలో వాడే అను ఫాంట్లతో, కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో నడుస్తోందా అన్నది ముందు చూసుకోండి. ఆ ఫాంట్లలో టైప్ చేయడానికి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ మీద పనిచేసేది. ప్రెస్‌లో ఏళ్ల తరబడి పోగైన ఫైళ్లు ఇంట్లో మ్యాక్‌లో తెరిస్తే తెలుగు అక్షరాలు ఉండాల్సిన చోట పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఇప్పటి మ్యాక్‌లలో విండోస్ వేసుకునే బూట్‌క్యాంప్ సదుపాయం లేదు కాబట్టి విండోస్ కావాలంటే వేరే సాఫ్ట్‌వేర్, దాని ఖర్చు. మీ పరిస్థితిలో విండోస్ ల్యాప్‌టాపే సరి.

తెర విషయంలో మాత్రం రాజీ పడకండి. తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతలు స్పెసిఫికేషన్‌లో ఉంటాయి, అక్కడ 100 శాతం ఎస్ఆర్‌జీబీ అని రాసి ఉండాలి. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని కనిపిస్తే రంగులు తక్కువ చూపే తెర అన్నమాట, ధర ఎంత తగ్గించినా వద్దు. ద్వారకానగర్‌లో షాపుకు వెళ్లేటప్పుడు మీరు చేసిన ఒక శుభలేఖ ప్రింటు, దాని ఫైలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. ఫైలు తెరిచి కార్డు పక్కన పెట్టి చూడండి. నాసిరకం తెర మీద కుంకుమ ఎరుపు వెలిసిపోయి ఇటుక రంగులా కనిపిస్తుంది, పసుపులో వెలుగే ఉండదు. ఆ తెరను నమ్మి రంగు సరిచేస్తే ప్రింటు ముదిరిపోయి వస్తుంది. వెయ్యి కార్డులు మళ్లీ వేయాల్సి వస్తే ఆ నష్టం మీదే. మీ దగ్గరున్న ఫైళ్లలో అతి బరువైన ఫ్లెక్సీ ఫైలు కూడా అక్కడే తెరిచి, ఎంతసేపు పడుతుందో చూడండి. షాపువాళ్లు మొహం చిట్లించినా పరవాలేదు, డబ్బు మీది. ఉప్పు గాలి ఊరు కాబట్టి ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ నగరంలో ఉందో లేదో కూడా అడగండి.

50 వేలు కట్టాక మీ దగ్గర, ఆ 42 వేలు కాక, 8 వేలు మిగులుతాయి. ఒక బయటి హార్డ్ డిస్క్ కొని కస్టమర్ల ఫైళ్లన్నీ దాంట్లో పెట్టండి. పాత ల్యాప్‌టాప్‌ను అమ్మకండి, వచ్చేది ఏమంత ఉండదు. దాని లోపల హార్డ్ డిస్క్ ఉంటే తీసేసి చిన్న ఎస్ఎస్‌డీ వేయిస్తే అత్యవసరానికి పనికొస్తుంది. అందులో ఉన్నది విండోస్ 10 అయితే, దానికి మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కాబట్టి దాంట్లో బ్యాంకు పనులు మాత్రం చేయకండి.

మిగతా 30 వేలకు మీ జీతం పడే బ్యాంకులో, చిన్న వ్యాపారాలకిచ్చే కేంద్ర పథకమైన ముద్ర రుణం అడగండి. శిశు విభాగంలో 50 వేల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. ముందుగా చిన్న వ్యాపారాల నమోదుకున్న ప్రభుత్వ వెబ్‌సైట్ ఉద్యమ్ పోర్టల్‌లో మీ డిజైన్ పనిని నమోదు చేసుకోండి, దానికి ఫీజేమీ లేదు, ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. బ్యాంకు 16 శాతం వేసిందనుకున్నా, 12 నెలలకు వాయిదా 2,722 రూపాయలు, మొత్తం వడ్డీ 2,700 లోపు. ఆషాఢంలో మిగిలే ఆరు వేలలో అది ఇముడుతుంది. అప్పు మీ పేరున సక్రమంగా తీరితే మీకంటూ ఒక క్రెడిట్ చరిత్ర మొదలవుతుంది.

ట్యాక్స్ మాటకొస్తే, వ్యాపారానికి వాడే కంప్యూటర్‌కు ఏటా 40 శాతం తరుగుదలను ఖర్చుగా చూపించవచ్చు, నిజమే. కానీ మీ జీతం, బయటి పని కలిపినా ఏడాదికి నాలుగు లక్షల చుట్టుపక్కలే. కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు రిబేటు ఉండగా మీకు కట్టాల్సిన పన్నే లేదు. లేని పన్నులో తగ్గించుకునేదేముంది? జీఎస్టీ నమోదు లేదు కాబట్టి ధరలోని 18 శాతం కూడా వెనక్కి రాదు. ఎవరైనా కస్టమర్ మీ బిల్లులోంచి ముందే పన్ను (టీడీఎస్) కోసుకుంటుంటే మాత్రం రిటర్న్ తప్పక వేయండి, ఆ డబ్బు మీకు తిరిగొస్తుంది.

అప్పు తీరిన మరుసటి నెల, వాయిదా పోయే తేదీనే నెలకు 2,500తో రికరింగ్ డిపాజిట్ తెరవండి. మూడేళ్లలో వడ్డీ కాక 90 వేలవుతుంది, తర్వాతి ల్యాప్‌టాప్ నగదుకే కొంటారు. ఈలోగా కొత్త కస్టమర్ ఎవరొచ్చినా సగం అడ్వాన్స్ తీసుకున్నాకే డిజైన్ మొదలుపెట్టండి.