రాత్రి వానలో కారు అద్దం మసకబారుతుంటే: వైపర్ల కంటే ముందు జిడ్డు సంగతి చూడండి

పగలు అద్దం బాగానే ఉంటోంది, రాత్రి వానలో ఎదురుగా బండి వస్తే మాత్రం తెల్లటి పొర కమ్మేసి ఏమీ కనబడటం లేదు, కొత్త వైపర్లు వేయించినా తగ్గలేదు అని రాశారు. సరిగ్గా ఇదే బాధ నేనూ పడ్డాను. వైపర్ల కోసం ఇంకో రూపాయి ఖర్చు పెట్టకండి. మీ అద్దానికి జిడ్డు పట్టి ఉంటుంది.

రెండేళ్ల కిందట జులైలో విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నాం. పక్క సీట్లో మా ఆవిడ, వెనక అమ్మ, పిల్లలిద్దరూ. నందిగామ దాటాక వాన అందుకుంది. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డే అయినా అవతలి నుంచి లారీ లైట్లు పడ్డప్పుడల్లా అద్దం మీద పాలు ఒలికినట్టయ్యేది. వైపర్ తుడిచి వెళ్లిన చోట కూడా ఒకటి రెండు సెకన్లు మసకే. కోదాడ దాటాక వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రక్కు ఒకటి నా ముందే పోతోంది. అది నాకు దాదాపు పైకి వచ్చేదాకా కనబడలేదు. బ్రేకు మీద నిలబడ్డాను. వెనకనుంచి అమ్మ "ఒరేయ్, ఎక్కడైనా ఆపరా" అంది. ఆ గొంతు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

కనబడిన మొదటి దాబా దగ్గర ఆపేశాను. అక్కడ భోంచేస్తున్న ఒక లారీ డ్రైవరు లేచి వచ్చి, నా అద్దం మీద వేలితో గీత గీసి చూశాడు. "సార్, మీ వైపర్లకేం కాలేదు. అద్దానికి జిడ్డు పట్టింది" అన్నాడు. దాబా వాళ్లనడిగి గిన్నెలు తోమే సబ్బు, బకెట్ నీళ్లు తెప్పించి, అద్దం రెండుసార్లు తోమి కడిగాడు. వైపర్ల రబ్బరు అంచు కూడా తడిగుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లగా మారింది. ఆ తర్వాత హైదరాబాద్ దాకా అదే వాన, అవే లైట్లు. కానీ రోడ్డు గీతలు, ముందు బండి అంచులు స్పష్టంగా కనబడ్డాయి. పైసా తీసుకోలేదాయన.

ఇంటికొచ్చాక జిడ్డు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఆరా తీశాను. లారీలు, బస్సుల వెనక వెళ్తుంటే డీజిల్ పొగ మసి, తడి రోడ్డు నుంచి లేచే నూనె తుంపర కొంచెం కొంచెంగా పట్టుకుంటాయి. కానీ నా విషయంలో అసలు దోషం వాటర్ వాష్‌ది. నేను వెళ్లే చోట కుర్రాడు డ్యాష్‌బోర్డుకి, టైర్లకి పాలిష్ పూసిన గుడ్డతోనే అద్దం కూడా తుడుస్తున్నాడు. ఆ పాలిష్‌లలో చాలావాటిలో సిలికాన్ ఉంటుంది. అద్దం తళతళలాడుతుంది, మనమూ సంతోషపడతాం. వాన పడితే తెలుస్తుంది. శుభ్రమైన గాజు మీద నీళ్లు పలచని పొరలా పరుచుకుంటాయి, దాని గుండా చూపు తిన్నగా పోతుంది. జిడ్డున్న చోట నీళ్లు పరుచుకోలేక సన్నని చుక్కలుగా చీలిపోతాయి. ప్రతి చుక్కా ఎదుటి లైటును పట్టి నలువైపులా చిమ్ముతుంది. పగలు వెలుగంతా ఒకేలా ఉంటుంది కాబట్టి ఇది అంతగా తెలియదు.

మీరూ ఒకసారి పరీక్షించండి. ఎండ లేనప్పుడు, అద్దం చల్లగా ఉన్నప్పుడు మగ్గుతో నీళ్లు పోయండి. ఒకే పొరలా జారితే బయటివైపు బాగున్నట్టే. అక్కడక్కడా విడిపోయి చుక్కలు కడితే జిడ్డుంది. నీళ్లు నిలవకుండా ఏదైనా కోటింగ్ వేయించి ఉంటే మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, ఎందుకంటే దాని పనే చుక్కలు కట్టించడం. ఆ కోటింగ్ సగం అరిగి సగం మిగిలితే వైపర్లు దడదడలాడి మసక ఇంకా పెరుగుతుంది. అలాంటప్పుడు మొత్తం తీసేసి మళ్లీ కొత్తగా వేసుకోవడం మేలు. నేనైతే వేయించడమే మానేశాను.

కడిగే పద్ధతి ఇది. ముందు మట్టి, ఇసుక పోయేలా బాగా నీళ్లు కొట్టండి, లేకపోతే ఆ ఇసుకే గీతలు పెడుతుంది. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కొత్త మెత్తటి స్పాంజీ మీద వేసి (ఆకుపచ్చ గరుకు వైపు వద్దు) అంగుళం కూడా వదలకుండా రుద్దండి. నురగ ఆరకముందే కడిగేయండి. మళ్లీ నీళ్లు పోసి చూడండి. ఇంకా మొండిగా చుక్కలు కడుతుంటే మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డ మీద పోసి తుడవండి. పెయింటు మీద, డ్యాష్‌బోర్డు మీద పడనివ్వకండి, దగ్గర్లో మంట ఉండకూడదు. దానికీ పోకపోతే సీరియం ఆక్సైడ్ పొడి అని గాజు పాలిషింగుకు వాడేది ఆన్‌లైన్లో దొరుకుతుంది. నీళ్లతో ముద్దలా కలిపి, ఆరిపోకుండా తడుపుతూ చేత్తో రుద్దాలి. అరగంట చేతులు నొప్పెడతాయి గానీ గాజు కొత్తదానిలా తేలుతుంది.

జిడ్డు కాకుండా తెల్లటి మచ్చలుంటే అవి నీళ్ల మచ్చలు. బోరు నీళ్లతో కడిగి ఎండలో ఆరబెడితే వచ్చేవి. మన ఇళ్లలో ఆర్వో నుంచి బయటికి పోయే నీళ్లు వృథా ఎందుకని కారు కడగడానికి వాడతాం. వడకట్టి వదిలేసిన ఉప్పులన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి, అద్దానికి అవి అసలు వద్దు. వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి గుడ్డ తడిపి ఐదు నిమిషాలు పరిచి ఉంచితే మచ్చలు చాలావరకు కరుగుతాయి.

ఇక లోపలివైపు. దాన్ని ఎవరూ తుడవరు, సగం మసక అక్కడే ఉంటుంది. ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి ఆవిర్లు లేచి అద్దానికి పొరలా పడతాయి. రెండు మైక్రోఫైబర్ గుడ్డలు తీసుకుని ఒకదాని మీద ఆల్కహాల్ పోసి తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టండి. గుడ్డలు ఉతికేటప్పుడు బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్ వేయకండి, అది మళ్లీ పొర అంటిస్తుంది. బయట పైకీ కిందికీ, లోపల అడ్డంగా తుడవండి. అప్పుడు గీత మిగిలితే అది ఏ వైపుదో చూడగానే తెలిసిపోతుంది.

వైపర్ల విషయం కూడా చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక సన్నని రబ్బరు అంచు ఎంత? ఎండలు పోయి మృగశిర వచ్చేసరికి నేను రబ్బర్లు మారుస్తాను. కొత్తవైనా సరే జిడ్డు అద్దం మీద తిప్పితే వాటికీ జిడ్డు పట్టి, కడిగిన అద్దానికి మళ్లీ పూస్తాయి. మీకు జరిగింది ఇదే అనుకుంటున్నాను. అంచును ఆల్కహాల్ గుడ్డతో, నలుపు రావడం ఆగేదాకా తుడవండి.

తొలకరి రోజుల్లో ఉసిళ్లు గుంపుగా వచ్చి అద్దానికి కొట్టుకుంటాయి. పొడి అద్దం మీద వైపర్ తిప్పారంటే అంతా నూనె అలికినట్టవుతుంది. ముందు నీళ్లు చిమ్మి అప్పుడు తిప్పండి, లేదా పెట్రోలు బంకులో ఆపి కడుక్కోండి. వైపర్ నీళ్ల ట్యాంకులో షాంపూ సాచెట్ పోయమని చాలామంది చెప్తారు, వద్దు. జుట్టు మెత్తబడటానికి చాలా షాంపూలలో సిలికాన్ కలుపుతారు, మనం వదిలించుకోవాలనుకునేది అదే. కిరోసిన్, టూత్‌పేస్టు కూడా దగ్గరికి రానివ్వకండి. రాత్రి డ్రైవింగ్‌కని అమ్మే పసుపు కళ్లద్దాలు కూడా కొనకండి. అవి ఉన్న కాస్త వెలుగునూ తగ్గిస్తాయి.

ఒక్కోసారి మసక జిడ్డు కాదు, ఆవిరి. లోపల కట్టిందైతే ఏసీ గాలి అద్దం మీదికి తిప్పి, బయటి గాలి తీసుకునే బటన్ నొక్కండి. అద్దం బయటే కడితే ఏసీ అతి చల్లగా అద్దానికి తగులుతోందని అర్థం. వైపర్ ఒకసారి తిప్పి, చల్లదనం తగ్గించి, గాలిని అద్దం మీంచి పక్కకు మళ్లించండి.

ఇన్ని చేశాక కూడా తగ్గకపోతే, చీకట్లో బయటనుంచి అద్దానికి టార్చి ఏటవాలుగా కొట్టి చూడండి. సూదితో పొడిచినట్టు వేల చుక్కలు మెరిస్తే అవి హైవే మీద లారీ టైర్లు చిమ్మిన ఇసుక చేసిన గుంటలు. కడిగితే పోవు, పాలిష్‌కీ పోవు. అద్దం మార్చాల్సిందే. అరుగుదల కింద లెక్క కాబట్టి ఇన్సూరెన్స్ నుంచి డబ్బు రాదు. అయినా మార్చండి. మా బావగారి కారు లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగాక ఇదే పరిస్థితికి వచ్చింది. ఆయన ఏడాది వాయిదా వేసి, మార్చిన రోజు రాత్రి ఫోన్ చేసి "ఇన్నాళ్లూ గుడ్డిగా నడిపాన్రా" అన్నారు.

టార్చి పరీక్షలో ఏం కనబడిందో ఇక్కడే రాయండి. ఈలోగా వానపడే రాత్రి బయల్దేరాల్సి వస్తే మాత్రం ఆ ప్రయాణం తెల్లారేదాకా ఆపుకోండి.