మేవెదర్ రికార్డు 50-0 దాటి ఎందుకు వస్తోంది?

బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్ గెలుపులతో పట్టిక వేస్తుంటే లెక్క 50-0 (50 గెలుపులు, 0 ఓటములు) దాటుతోందని, ఏ గెలుపు గొప్పదో ఎలా పోల్చాలని అడిగారు. మీరు ఎగ్జిబిషన్ బౌట్లు (అధికారిక రికార్డులో చేరని ప్రదర్శన పోటీలు) కూడా కలిపేసి ఉంటారు, అందుకే మేవెదర్ గెలుపులు 50 దాటుతున్నాయి.

1. 2017 ఆగస్టులో UFC ఫైటర్ కానర్ మెక్‌గ్రెగర్ మీద గెలుపు 50వది. ప్రొఫెషనల్ లెక్క అక్కడితో ఆపండి.
2. 2018 చివర్లో జపాన్ కిక్‌బాక్సర్ నసుకవాతో, 2021లో యూట్యూబర్ లోగన్ పాల్‌తో ఆడినవి తీసేయండి. పాల్‌తో బౌట్‌కి అసలు విజేతనే ప్రకటించలేదు!
3. 1996 ఒలింపిక్స్ సెమీస్ ఓటమి అమెచ్యూర్ ఖాతాలోది, ప్రొఫెషనల్ రికార్డులోకి రాదు.

ఇక ఏ గెలుపు గొప్పదో ఎలా పోల్చాలన్నారు కదా. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు: ఎదుటి బాక్సర్ ఇప్పటి రికార్డు చూస్తారు. చూడాల్సింది బౌట్ నాటిది. 2013లో మేవెదర్ మీదకి మెక్సికో బాక్సర్ కనెలో అల్వరెజ్ ఒక్క ఓటమి కూడా లేకుండా 42-0-1తో (గెలుపులు-ఓటములు-డ్రా) రింగులోకి వచ్చాడు. మెక్‌గ్రెగర్‌కి మాత్రం ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో 2017 నాటి ఆ బౌటే మొదటి మ్యాచ్. అయినా మేవెదర్ లెక్కలో రెండూ ఒక్కో గెలుపే. మీ పట్టికలో ప్రతి బౌట్ పక్కన ఎదుటి బాక్సర్‌కి ఆ నాటికి ఉన్న రికార్డు కూడా రాయండి.