లూప్ తిరుగుతుంటే విండో ఎందుకు తెల్లబోతుంది?

ప్రశ్న: మాది హనుమకొండ, డిగ్రీ రెండో సంవత్సరం. మా బాబాయికి ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం ఉంది. అక్కడ టీవీకి పాత ల్యాప్‌టాప్ తగిలించి తేజ, వండర్‌హాట్, చపాటా ఇట్లా పది రకాల మిర్చి ధరలు 2 సెకన్లకొకటి మారేలా పైథాన్ టికింటర్‌లో (విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ) ప్రోగ్రామ్ రాశాను. ఫర్ లూప్‌లో లేబుల్ (విండోలో అక్షరాలు చూపే భాగం) మార్చి, టైమ్ స్లీప్ (ప్రోగ్రామ్‌ను కాసేపు ఆపే ఆజ్ఞ) పెట్టాను. బటన్ నొక్కగానే విండో బిగుసుకుపోయి ‘నాట్ రెస్పాండింగ్’ అంటోంది, చివరికి ఆఖరి ధర ఒక్కటే కనిపిస్తోంది. ప్రింట్ పెడితే మాత్రం అన్నీ వరసగా వస్తున్నాయి. తప్పెక్కడ సార్?

జవాబు: ప్రింట్ పెట్టి చూశారు కదా, సగం జవాబు అక్కడే దొరికింది. లూప్ తిరుగుతోంది, లేబుల్‌లో అక్షరాలూ మారుతున్నాయి, తెర మీదికే రావట్లేదు. లేబుల్‌కు కొత్త టెక్స్ట్ ఇస్తే టికింటర్ అప్పటికప్పుడు గీయదు, మళ్లీ గీయాలని గుర్తు పెట్టుకుంటుంది అంతే. గీసేది తీరిక దొరికినప్పుడు, ఆ తీరిక మెయిన్‌లూప్ చేతిలో ఉంటుంది.

మెయిన్‌లూప్ అంటే మీ బాబాయి దుకాణంలో ఉన్న ఒకే ఒక్క గుమాస్తా అనుకోండి. మౌస్ క్లిక్కులు, కీబోర్డు, విండో సైజు మారడం, తెర గీయడం, అన్నీ అతని ముందే వరస కడతాయి. ఒకటి తీసి దానికి రాసిన ఫంక్షన్‌ను పిలుస్తాడు, ఆ ఫంక్షన్ పూర్తయ్యేదాకా రెండోది ముట్టడు. మీరేమో పది ధరలకు 2 సెకన్ల చొప్పున అతన్ని 20 సెకన్లు కదలకుండా కూర్చోబెట్టారు! ఒక విండో 5 సెకన్లపాటు వచ్చిన సందేశాలను తీసుకోకపోతే విండోస్ దాన్ని స్పందించని విండోగా లెక్కేస్తుంది, తెల్లబోయేది అందుకే. ఇక ఆఖరి ధర సంగతి: లేబుల్‌ను పదిసార్లు మార్చినా బాకీ ఉన్నది ఒక్కసారి గీయడమే, ఫంక్షన్ ముగిశాక అప్పటికి లేబుల్‌లో ఏముంటే అదే గీస్తుంది.

కాబట్టి ఫర్ లూప్, స్లీప్ రెండూ తీసేయండి. ధరల జాబితా, ఎన్నో ధర నడుస్తోందో చెప్పే అంకె, రెండూ ఫంక్షన్ బయట ఉంచండి. ‘చూపు’ అని ఒక ఫంక్షన్ రాయండి. అది లేబుల్‌లో ఒక్క ధర పెట్టి, అంకెను ఒకటి పెంచి (జాబితా అయిపోతే మళ్లీ సున్నా), చివర్లో రూట్.ఆఫ్టర్(2000, చూపు) అని (రూట్ అంటే మీ అసలు విండో) చెప్పి బయటికొచ్చేయాలి. 2000 అంటే మిల్లీసెకన్లు. ఆ రెండు సెకన్లూ మెయిన్‌లూప్ ఖాళీయే, తెర గీస్తుంది, క్లిక్కులు చూస్తుంది, టైమ్ కాగానే మీ ఫంక్షన్‌ను తనే పిలుస్తుంది.

కొత్తవాళ్లు దాదాపు అందరూ తట్టుకునే రాయి ఒకటుంది. ఆఫ్టర్ లోపల చూపు అని పేరు మాత్రమే ఇవ్వాలి, పక్కన బ్రాకెట్లు పెట్టి చూపు() అన్నారో, ఆగకుండా అక్కడే తనను తాను పిలుచుకుంటూ పోయి, పైథాన్ మామూలు హద్దు 1000 పిలుపుల దగ్గర రికర్షన్ ఎర్రర్ కొడుతుంది. ఇంకోటి, బటన్‌ను రెండుసార్లు నొక్కితే రెండు వరసలు ఒకేసారి నడిచి ధరలు ఎగిరెగిరి మారతాయి. మొదటి నొక్కుకే బటన్‌ను డిసేబుల్ చేయండి, లేదా ఆఫ్టర్ ఇచ్చే ఐడీని దాచి ఆఫ్టర్_క్యాన్సిల్‌తో పాతది ఆపి కొత్తది మొదలుపెట్టండి.

లూప్‌లోనే రూట్.అప్‌డేట్ అని ఒక్క లైను పెడితే సరిపోతుందని ఎవరో ఒకరు చెప్తారు. ధరలు కనిపిస్తాయి, నిజమే. కానీ స్లీప్‌లో ఉన్నంతసేపు విండో మొద్దుగానే ఉంటుంది, పైగా అప్‌డేట్ క్లిక్కులను కూడా తీసుకుంటుంది కాబట్టి బటన్ మళ్లీ నొక్కితే లూప్ లోపల ఇంకో లూప్ మొదలవుతుంది, మధ్యలో విండో మూస్తే లేని లేబుల్‌ను మార్చబోయి ఎర్రర్ వస్తుంది. నేనైతే దాని జోలికి పోను. చిన్న పని ముందు ‘ఆగండి’ అని చూపించడానికి అప్‌డేట్_ఐడిల్‌టాస్క్స్ చాలు, అది తెర మీద బాకీ ఉన్నవి మాత్రమే గీస్తుంది, క్లిక్కులు ముట్టదు.

ప్రశ్న: జమ్మికుంట నుంచి. సీ షార్ప్ విన్‌ఫార్మ్స్‌లో (సీ షార్ప్‌లో విండోలు తయారుచేసే లైబ్రరీ) నెట్ నుంచి పత్తి ధర తెచ్చే పనిని వేరే థ్రెడ్‌లో (విడిగా నడిచే పనుల వరస) పెట్టాను. లేబుల్ మార్చబోతే ‘క్రాస్ థ్రెడ్’ అని ఎర్రర్. డూఈవెంట్స్ (వరసలో ఉన్న క్లిక్కులు, తెర గీయడం అప్పటికప్పుడు చూసేయమనే ఆజ్ఞ) పెట్టమంటారా?

జవాబు: వద్దు, పైన చెప్పిన అప్‌డేట్ తలనొప్పే అది. థ్రెడ్ ఆలోచన సరైనదే, కాకపోతే లేబుల్‌ను దాన్ని సృష్టించిన థ్రెడ్డే ముట్టాలి. కొత్తగా రాస్తుంటే బటన్ ఫంక్షన్‌కు ఎసింక్ తగిలించి, నెట్ పనికి అవెయిట్ (విండోను ఆపకుండా పని అయ్యేదాకా ఎదురుచూసేది) పెట్టండి, దాని కింది లైను మామూలుగా విండో థ్రెడ్ మీదికే తిరిగొస్తుంది. థ్రెడ్ కోడ్ ఇప్పటికే పెద్దగా ఉంటే దాన్నంతా కెలకొద్దు, లేబుల్ మార్చే ఆ ఒక్క లైనును బిగిన్ఇన్వోక్‌లో (పనిని విండో థ్రెడ్‌కు అప్పజెప్పేది) పెట్టండి.